తప్పుంటేనే తట్టు

మీరే చంపారు దాన్ని. పద్నాలుగేళ్ళు ఒక్కనాడూ మొరాయించకుండా పనిచేసిన కంప్యూటర్ని, కనీసం కుర్చీ లాక్కుని కూర్చోకుండా, నిలబడి ఇరవై నిమిషాల్లో చంపారు. అన్ని ఆఫీసుల కంప్యూటర్లూ సిస్టం కొత్త వెర్షన్‌కి మారాలని కాగితం పంపినవాడు మీలో ఒకడు. ఆ కాగితం చదవకుండానే కింద సంతకం గిలికినవాడు ఇంకొకడు. అది ముసలిదైపోయింది, మేమేం చేస్తాం అని ఇప్పుడు చేతులు దులుపుకుంటున్నారు. ఆ గదిలో ఏం అచ్చవుతుందో, ఎవరికోసం అచ్చవుతుందో మీలో ఒక్కడికీ నోరు తెరిచి అడగాలనిపించలేదు.

అడిగి ఉంటే చుక్కలమ్మ చెప్పేది.

ఆఫీసులో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. చూపులేనివాళ్ళు వేళ్ళతో తడిమి చదువుకునే చుక్కల పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సు అది. అందులో ఆపరేటరు ఆమె. గది వెడల్పు ఎనిమిది అడుగులు. ఒక మూల కంప్యూటరు, దాని పక్కన ఇనప బల్ల మీద చుక్కల మిషను, కిటికీ కింద దళసరి కాగితం పెట్టెలు, వాటిని ఆనుకుని ఒక పొడవాటి చెక్కబల్ల. ఆ చెక్కబల్లకి అవతల మాస్టారు కూర్చుంటారు. ఆయన ప్రూఫులు దిద్దుతారు. పుట్టుకతోనే చూపు లేదు. ఎడమచేతి చూపుడువేలు కొస మాత్రం అరిగిన పాత నాణెంలా నున్నగా మెరుస్తుంటుంది.

వాళ్ళ పని తీరు చిత్రంగా ఉంటుంది. ఆమె మామూలు అచ్చుకాగితం చూసి పైకి చదువుతుంది, ఆయన అదే పాఠాన్ని చుక్కల్లో తడుముతూ వెంట వస్తారు. సరిగ్గా ఉన్నంతసేపూ ఆయన ఊ అనరు, ఆ అనరు. ఆమె ఆగకుండా పోతూనే ఉంటుంది. తప్పు దొరికితేనే కుడిచేత్తో బల్ల మీద ఒక్కసారి తడతారు. తప్పుంటేనే తట్టు, లేకపోతే మౌనం. మొదట్లో ఆ మౌనానికి ఆమెకి ప్రాణం విసిగేదట. ఇప్పుడు ఆ మౌనమే ఆమెకి భరోసా.

మంగళవారం పొద్దున సర్వీసు ఇంజనీరు వచ్చి, "ఇరవై నిమిషాలు ఆంటీ, ఈలోగా కాఫీ తాగి రండి" అన్నాడు. ఆమె కాఫీకి పోలేదు, కాగితం పెట్టెలు విప్పుతూ ఓరకంట చూస్తూనే ఉంది. అతను కొత్త వెర్షన్ ఎక్కించి, వచ్చినంత చురుగ్గానూ వెళ్ళిపోయాడు. ఆ తరవాత కంప్యూటరు తెరుచుకోవడానికి పదకొండు నిమిషాలు పట్టింది. తెరుచుకున్నాక చుక్కల ప్రోగ్రాం మీద నొక్కితే ఒక గడి ఎగిరొచ్చి, ఈ ప్రోగ్రాం ఈ వెర్షన్‌లో నడవదు, తయారుచేసినవారిని సంప్రదించండి అంది. తయారుచేసినవారిని సంప్రదించింది. ఆ ప్రోగ్రాం ఆపేసి ఆరేళ్ళయిందని, కొత్తది తీసుకోవాలని, కొత్తది ఈ పాత మిషన్ని గుర్తుపట్టదు కాబట్టి మిషను కూడా కొత్తదే తీసుకోవాలని అక్కడి అమ్మాయి పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. పాత వెర్షనే మళ్ళీ వేసుకుంటామంటే, దాన్ని ఇప్పుడు ఎవరూ ఒప్పుకోరంది. సూపరింటెండెంటు దగ్గరికి వెళితే ఫైలు పెట్టమన్నాడు. ఆయన దగ్గరికి వెళ్ళిన ఫైలు అత్తారింటికి వెళ్ళిన అల్లుడిలాంటిది. కూర్చుంటే లేవదు.

బుధవారం ఎన్నికల ఆఫీసు నుంచి కవరొచ్చింది. ఊరి ఎన్నికలు ఆదివారం. పోటీలో పదిహేడు మంది, పోలింగు కేంద్రాలు నలభై మూడు. అభ్యర్థుల పేర్లు వరస నంబర్లతో చుక్కల్లో అచ్చువేసి, కేంద్రానికొకటి చొప్పున శనివారం నాలుగు లోపు పంపాలని అందులో ఉంది. ఓటు మిషను మీద మీటల పక్కన చుక్కల అంకెలు ఎలాగూ ఉంటాయి. ఏ అంకె ఎవరిదో చెప్పేది ఈ కాగితమే. అది ఉంటే చూపులేని మనిషి ఒక్కడే లోపలికి వెళ్ళి ఓటేసి రాగలడు.

సూపరింటెండెంటు అరగంటలో జవాబు తయారుచేసి, తన భాష తనకే నచ్చి, వాళ్ళిద్దరి ముందూ చదివాడు. సాంకేతిక కారణాల వల్ల సాధ్యపడదు, చూపులేని ఓటర్లు సహాయకుణ్ణి వెంట తెచ్చుకునే వెసులుబాటు ఉన్నందున ఎవరికీ ఇబ్బంది కలగదు.

మాస్టారి కుడిచెయ్యి బల్ల మీద ఒకసారి తట్టింది.

"ఏం మాస్టారూ, తప్పుందా?" అన్నాడు సూపరింటెండెంటు నవ్వుతూ.

"ఏడుసార్లు ఓటేశానండీ. ఏడుసార్లూ మా బావమరిది పక్కనుండి మీట నొక్కాడు. నేను చెప్పినవాడికే నొక్కాడంటాడు. కావచ్చు. ఏడుసార్లు నేనెవరికి ఓటేశానో నాకైతే తెలీదు."

సూపరింటెండెంటు ఉత్తరం మడిచి కవర్లో పెట్టి, అంటించి, పంపేశాడు.

ఆయన బయటికి వెళ్ళాక మాస్టారు జేబులోంచి బొటనవేలంత పెన్‌డ్రైవు తీసి బల్ల మీద పెట్టారు. రైల్వే విచారణ కౌంటర్లో పనిచేసే తన స్నేహితుడు ఇచ్చాడట. అతనికీ చూపు లేదు. ఎప్పటిదో నిఘంటువు ప్రోగ్రామొకటి ఇలాగే మూలపడితే దీంతోనే లేపి కూర్చోబెట్టాడట. ఇందులో లినక్సని తేలికైన సిస్టమొకటి ఉంది, పాత కంప్యూటర్ల మీద కూడా పరిగెడుతుంది, ఎవరి అనుమతీ అక్కర్లేదు. దాని మీద వైన్ అని ఇంకోటి ఎక్కిస్తే, పాత ప్రోగ్రాములు అది తమ పుట్టిల్లే అనుకుని నడుస్తాయి. ఏ వరసలో ఏం చెయ్యాలో స్నేహితుడు ఫోన్లో చెబుతుంటే మాస్టారు పలకా సూదీ పెట్టుకుని నాలుగు పేజీలు చుక్కల్లో పొడిచి తెచ్చారు.

"నాకు మౌసు పట్టుకుని బొమ్మల మీద నొక్కడం తప్ప ఏం రాదు మాస్టారూ" అంది చుక్కలమ్మ. "ఉన్నదీ పోతే?"

"ఉన్నదేవిటి చెల్లెమ్మా? పోయిన పీనుగకి జలుబు చేస్తుందేమోనని భయమా?"

గురువారం మాస్టారు ఊరికి అవతల లైబ్రరీలో పనిచేసే రోజు. చుక్కలమ్మ ఒక్కతే కూర్చుంది. పాత పుస్తకాల ఫైళ్ళన్నీ ముందు వేరే పెన్‌డ్రైవులోకి తీసి బీరువాలో పెట్టింది. నాలుగు చుక్కల పేజీల్నీ కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టుకుంది. ఆమె చుక్కలు చదివేది కళ్ళతో, నీడల్ని బట్టి. కంప్యూటరు వెలుగుతుండగా మీట నొక్కి పట్టుకోవడం, పెన్‌డ్రైవు నుంచి లేవమనడం, పాతదంతా తుడిచెయ్యమంటావా అని అది అడిగితే కళ్ళు మూసుకుని సరేననడం, అన్నీ పన్నెండింటికల్లా అయిపోయాయి. మళ్ళీ వెలిగించి, అలవాటుగా కాఫీకి లేవబోయింది. కూజాలోంచి గ్లాసు నీళ్ళు వంచుకునేలోపే తెర తెరుచుకుని ఉంది. నిన్నటిదాకా పదకొండు నిమిషాలు ఈడ్చిన కంప్యూటరే. ఫ్యాను చప్పుడు కూడా తగ్గింది. ఎవరో దాని గుండెల మీంచి బండరాయి దింపినట్టుంది. ఆమె గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆ తరవాతే చిక్కొచ్చింది. రెండో పేజీ నల్లకిటికీ తెరవమంది. అందులో బొమ్మ లేదు, మీట లేదు. మిణుకుమిణుకుమనే ఒక్క గీత. చుక్కల్లో ఉన్న మొదటి ఆదేశం అక్షరం అక్షరం చూసి కొట్టింది. పాత రకం ప్రోగ్రాముల్ని కూడా లోపలికి రానివ్వమని సిస్టానికి చెప్పే ఆదేశం అది. తాళంమాట, అదే పాస్‌వర్డు, అడిగింది. కొడుతుంటే తెర మీద ఏమీ పడలేదు. నక్షత్రాలు లేవు, చుక్కలు లేవు. కీబోర్డు చచ్చిందనుకుంది. వైరు పీకి మళ్ళీ గుచ్చింది. నాలుగోసారి ఏదైతే అదయిందని మొత్తం కొట్టి ఎంటర్ నొక్కింది. అయినట్టు లేదు, కానట్టూ లేదు. గీత ఒక వరస కిందికి దిగి మళ్ళీ మిణుకుమంది. ఒక్క మాట లేదు.

మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే. ఏదో పాడుచేశాననుకుంది. చివరికి రెండింటికి మొత్తం తుడిచేసి, పెన్‌డ్రైవు పెట్టి, సిస్టాన్ని మొదట్నించీ వేసింది. నాలుగున్నరకి మళ్ళీ అదే నల్లకిటికీ, అదే ఆదేశం, అదే మూగతనం. ఐదింటికి గది తాళం వేసి ఇంటికి వెళ్ళిపోయింది. ఒక రోజంతా బూడిదలో పోసిన పన్నీరు. ఇంక మిగిలింది రోజున్నర.

శుక్రవారం మాస్టారు చేతికర్ర మూలకి ఆనించక ముందే ఆమె జరిగిందంతా ఏకరువు పెట్టింది. తాళంమాట కొడితే ఏమీ కనపడలేదని చెప్పినప్పుడు ఆయనకి నవ్వాగలేదు.

"నాకు ఏ రోజు కనపడింది చెల్లెమ్మా? కనపడకపోతే కొట్టలేమా?"

ఆమెకీ నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళతో పాటు. ఆయన కుర్చీ వాసన పట్టినట్టు నేరుగా వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చున్నారు. తెర మీది రాతని చదివి వినిపించే గొంతు ఆ సిస్టంలోనే ఉందట. మూడో పేజీలో ఉన్న రెండు మీటలు కలిపి నొక్కితే స్పీకర్లోంచి ఒక బొంగురు గొంతు లేచింది. ఆయన ఎడమచెయ్యి చుక్కల పేజీ మీద, కుడిచెయ్యి కీబోర్డు మీద. చుక్కలమ్మ పక్కన నిలబడి చూస్తోంది. పద్నాలుగేళ్ళుగా ఈ గదిలో కంప్యూటరు ఆమెది, మాస్టారు పక్కనుండేవారు. బొమ్మలు, బాణాలు, కిటికీలు, అవన్నీ ఆయన మొహాన వేసిన తలుపులు. ఈ నల్లకిటికీలో అన్నీ మాటలే. ఆమెని వణికించిన చోట ఆయన సొంత పెరట్లో తిరిగినట్టు తిరుగుతున్నారు.

మొదటి ఆదేశం కొట్టారు. తాళంమాట. ఎంటర్. గొంతు ఏమీ అనలేదు.

"చూశారా, నిన్నా ఇంతే" అంది ఆమె.

మాస్టారు తల కాస్త వంచి విన్నారు. "నువ్వు చదువుతుంటే నేనేం చేస్తాను?"

"ఏం చేస్తారు, ఊరుకుంటారు."

"ఎప్పుడు ఊరుకుంటాను?"

ఆమెకి అప్పుడు అర్థమైంది. నిన్న అది మధ్యాహ్నమే, మొదటిసారే, పని చేసేసింది. తప్పు లేదు కాబట్టి తట్టలేదు. పద్నాలుగేళ్ళు ఆ మౌనంతోనే కాపురం చేసిన మనిషి దాన్ని గుర్తుపట్టలేక రోజంతా పారబోసుకుంది. నల్లతెర మీద మిణుకుమంటున్న గీతని చూస్తే, బల్లకి అవతల తల వంచుకుని, చదువు, ఆగకు అంటున్న రెండో మాస్టారు లాగా ఉంది.

ఆగలేదు వాళ్ళు. వైన్ తెమ్మన్న ఆదేశానికి మాత్రం మౌనం లేదు. తెర నిండా వరసలు జలపాతంలా పడ్డాయి. చదివే గొంతుకి ఊపిరాడక మాస్టారు దాని నోరు నొక్కేశారు. ఆఫీసు ఇంటర్నెట్ నత్త నడక, నలభై నిమిషాలు పట్టింది. మధ్యలో సూపరింటెండెంటు తొంగిచూసి ఏం చేస్తున్నారని అడిగాడు. వైన్ ఎక్కిస్తున్నామని మాస్టారు చెప్పారు. ఆఫీసు వేళల్లోనా అని ఆయన వెళ్ళిపోయాడు.

చుక్కలమ్మ బీరువా అడుగునుంచి చుక్కల ప్రోగ్రాం డిస్కు తీసి, చీర కొంగుతో తుడిచి లోపల పెట్టింది. వైన్‌కి దాన్ని చూపించారు. తెర మధ్యలో, ఆ పరాయి ఇంట్లో, పాత నీలం కిటికీ తెరుచుకుంది. అదే అంచు, అదే వంకర బొమ్మ, పద్నాలుగేళ్ళుగా రోజూ పొద్దున్నే పలకరించిన మొహం. మంగళవారం చచ్చిందనుకున్నది లేచి, ఎక్కడున్నానో కూడా తెలియకుండా, తన మానాన తను పనికి సిద్ధమైంది.

"ఇదెలా నడుస్తోంది మాస్టారూ? దీనికి కావాల్సిన సిస్టం ఇక్కడ లేదుగా."

ఆయన స్నేహితుణ్ణి ఇదే అడిగారట. ప్రోగ్రాం తన భాషలో, ఫలానాది కావాలని అడుగుతుంది. వైన్ మధ్యలో నిలబడి ఈ ఇంటివాళ్ళకి వాళ్ళ భాషలో చెప్పి, తెచ్చి చేతిలో పెడుతుంది. తన సొంత మాట ఒక్కటి కలపదు.

"మధ్యవర్తి అంటే అలా ఉండాలి చెల్లెమ్మా" అన్నారు మాస్టారు మెల్లిగా. "అడిగింది అడిగినట్టు అందించి పక్కకి తప్పుకోవాలి."

పదిహేడు పేర్లూ ఎక్కించబోతే ఆమె ప్రాణం మళ్ళీ ఉసూరుమంది. కొట్టిన అక్షరాల చోట తెర మీద అన్నీ ఖాళీ గళ్ళు. ఒక్క పేరూ కనపడదు. మాస్టారు కొట్టుకుంటూ పొమ్మన్నారు. గళ్ళు కంటికి, చుక్కలు వేలికి, మిషనుకి వెళ్ళేది చుక్కలేనన్నారు. గుడ్డిగా కొట్టింది. ఆ మాట మనసులోకి రాగానే ఆమె నాలిక్కరుచుకుంది. ఇంతకాలం ఆ మాట ఎంత తేలిగ్గా వాడింది!

అచ్చుకి పంపితే మిషను కదల్లేదు, తెర మీద ఎర్ర అక్షరాలు పడ్డాయి. అది తట్టు. తప్పుందన్నమాట. నాలుగో పేజీలో మందు ఉంది. చుక్కల మిషను వైరున్న చోటికి వెళ్ళడానికి మనకి అనుమతి లేదు, అనుమతి ఉన్నవాళ్ళ గుంపులో మన పేరు చేర్చాలి. ఈసారి ఆమే కొట్టింది. తాళంమాట కనపడకుండానే కొట్టింది. ఎంటర్.

మౌనం.

"అయింది" అంది ఆమె, ఆయన చెప్పక ముందే.

సిస్టంలోంచి బయటికొచ్చి, మళ్ళీ తాళంమాట కొట్టి లోపలికి వెళ్ళి అచ్చు నొక్కింది. ఇనప బల్ల ఒక్కసారి వణికింది. రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు మిషను మొదలెట్టింది. మూడు రోజులుగా చచ్చుబడ్డ గదిలో కిటికీ అద్దాలు కూడా గలగలమన్నాయి. మాస్టారు మిషనులోంచి వచ్చిన మొదటి కాగితం చించి బల్ల మీద పరుచుకుని వేలు పెట్టారు. ఆమె ఎన్నికల ఆఫీసు జాబితా చేతిలోకి తీసుకుని చదవడం మొదలెట్టింది. ఒకటో పేరు. రెండు. ఆరు. పదకొండు. తెర మీద ఇప్పటికీ ఖాళీ గళ్ళే ఉన్నాయి. చూపున్నదానికి ఒక్క ముక్క అర్థంకాని ఆ పేజీ ఆయన వేలి కింద నిక్షేపంగా ఉంది. పదిహేడో పేరు చదివి ఆగింది. కుడిచెయ్యి బల్ల మీద అలాగే ఉంది, తట్టలేదు.

"ఇంకోసారి చదువు" అన్నారు ఆయన. "తప్పుండి కాదు. ఊరికే."

నలభై మూడు కాపీలు పడుతుండగా ఆమె వైన్ గురించిన చిన్న కిటికీ తెరిచింది. దీన్ని తయారుచేసినవారు అని అందులో పేర్లున్నాయి. దిగుతూ పోతే తరగడంలేదు. నోరు తిరగని పేర్లు, ఏ దేశాలవో తెలియని పేర్లు, వందలు వందలు. వీళ్ళలో చుక్కల ప్రెస్సు చూసినవాడు ఉండడు. ఈ ఊరు పేరు విన్నవాడు ఉండడు. ఎవడి పాత ప్రోగ్రామో ఎక్కడో చచ్చిపోకూడదని ఏళ్ళతరబడి కూర్చుని రాసి, తాళం వెయ్యకుండా వీధిలో పెట్టి వెళ్ళారు. పైకి చదవడమే ఆమె పని కాబట్టి ఆ పేర్లు పైకి చదివింది. మాస్టారు రెండు చేతులూ బల్ల మీద పరుచుకుని, చుక్కలు లేని చెక్కని తడుముతూ, మిషను ఆగేదాకా విన్నారు.

శనివారం సూపరింటెండెంటు కట్టని చూసి మొహం గంటు పెట్టుకున్నాడు. సాధ్యపడదని రాసి పంపాక మళ్ళీ సాధ్యపడితే మన మాటకి విలువేముంటుందని, పైగా కొత్త వెర్షన్ తీసేశారని తెలిస్తే తన మెడకి చుట్టుకుంటుందని, ఆ కాగితాలు బీరువాలో పెట్టమని చెప్పాడు. ఆమె సరేనని గదిలోకొచ్చి, కట్టకి చుక్కలు నలగకుండా అట్టలు కట్టి, వెనక గుమ్మంలోంచి బస్సెక్కింది.

ఎన్నికల ఆఫీసు గుమాస్తా ఫైలు తిరగేసి, మీ దగ్గర్నుంచి సాధ్యపడదని ఉత్తరముంది, సాధ్యపడని కాగితాలు ఎలా తీసుకోనన్నాడు.

"ఆ ఉత్తరం అబద్ధం, ఈ కట్ట నిజం. రెంట్లో ఏది ఉంచుతావో నువ్వే చెప్పు నాయనా. అందాకా ఇక్కడే ఉంటా" అంది చుక్కలమ్మ, అతని టేబులు ముందున్న కుర్చీ లాక్కుని.

మూడూ యాభైకి ముట్టినట్టు ముద్ర వేశాడు.

ఆదివారం ఆమె ఓటూ మాస్టారి ఓటూ ఒకే బడిలో. వరండాలో బావమరిది ఆయన మోచెయ్యి పట్టుకుని, అలవాటైన పెళ్ళిపెద్దలా ముందుకు నడిపిస్తున్నాడు. లోపల అధికారి, సూపరింటెండెంటు ఉత్తరాన్ని బట్టి ఎన్నికల ఆఫీసు పంపిన నోటీసు చూసి, సహాయకుడితో వెళ్ళండన్నాడు. చుక్కల కాగితం ఉండాలి, చూడండన్నారు మాస్టారు. అలాంటిదేమీ లేదన్నాడు అధికారి. వరసలో వెనకున్న చుక్కలమ్మ అతని టేబులు కింద, తెరవని కవరు మీద తను కట్టిన దారం గుర్తుపట్టి చూపించింది.

మాస్టారు నిలబడే చదివారు. వేలు ఒకచోట ఆగింది. కాగితం తిరిగిచ్చి, బావమరిది చేతిలోంచి తన మోచెయ్యి విడిపించుకుని, అట్టతెర వెనక్కి ఒక్కరే వెళ్ళారు. మిషను కుయ్యిమంది.

ఆయన బయటికొచ్చేసరికి బావమరిది మొహం మాడ్చుకుని ఉన్నాడు. "ఎవరికేశావు బావా?"

మాస్టారి కుడిచెయ్యి వరండా గోడ మీదుంది. చుక్కలమ్మ ఆ చెయ్యినే చూస్తోంది. ఆ చెయ్యి తట్టలేదు. ఆయన నోరు విప్పలేదు.

సోమవారం సూపరింటెండెంటు టేబులు మీద ఒక కాగితం ఉంది. సగం అక్షరాల్లో, సగం చుక్కల్లో. కింద ఇద్దరి సంతకాలు, పక్కన నకలు ఎన్నికల ఆఫీసుకి అని. అందులో ఉన్నది ఇదీ.

పని చేసేవాళ్ళని అడగకుండా ఏ కంప్యూటరు జోలికీ ఇంక రావద్దు. సాధ్యపడదని రాసిన ఉత్తరం ఇవాళే వెనక్కి తీసుకోండి. చుక్కల కాగితం ప్రతి పోలింగు కేంద్రంలో, టేబులు కింద కాదు, టేబులు మీద ఉండాలి. ఎవరూ అడక్కుండానే ఉండాలి. సహాయకుడు కావాలో వద్దో చూపులేని మనిషే చెప్పాలి, మీరు కాదు. దీనికి మీ జవాబు ఇవాళ సాయంత్రం నాలుగు లోపు కావాలి. మీరు ఊరుకుంటే సరేనన్నారని అనుకోం. మీ మౌనం మా మౌనం లాంటిది కాదు. వచ్చి తడతాం.